వాలు మీద గోల్ఫ్ బంతి: ఐదు డిగ్రీల లెక్క

గోల్ఫ్ నేర్చుకునేది చదును మీద, ఆడేది మెరకపల్లాల మీద. ప్రాక్టీస్ రేంజ్‌లో రబ్బరు చాప మీద నుంచి గీత గీసినట్టు పోయిన బంతి, అదే స్వింగ్‌తో కోర్సులో కొడితే పది గజాలు ముందే పడిపోతుంది, లేదా పక్కనున్న చెట్లలోకి దూరుతుంది. అప్పుడు చాలామంది తమ స్వింగ్‌ను అనుమానిస్తారు. ఇంకొందరు క్లబ్బులను అనుమానించి కొత్త సెట్టు కొనేస్తారు. ఎక్కువసార్లు ఆ రెండింటి తప్పూ ఉండదు. కాళ్ల కింద నేల నాలుగైదు డిగ్రీలు వాలి ఉంటుంది, అంతే. ఆ డిగ్రీలకు ఒక లెక్క ఉంది. అది తెలిస్తే షాట్ కొట్టకముందే సర్దుకోవచ్చు.

ముందుగా రెండు మాటలు. బంతి నేల మీద ఆగి ఉన్న తీరును గోల్ఫర్లు ‘లై’ అంటారు. క్లబ్బు ముఖం నిటారుగా కాకుండా వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలు పేరు ‘లాఫ్ట్’. లాఫ్ట్ పెరిగేకొద్దీ బంతి పైకి లేస్తుంది, దూరం తగ్గుతుంది. ఈ రోజుల్లో 7 ఐరన్‌కు సుమారు 32 డిగ్రీలు, 6 ఐరన్‌కు 28, 8 ఐరన్‌కు 36, పిచింగ్ వెడ్జ్‌కు 46 ఉంటాయి. కంపెనీని బట్టి రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అవుతాయి. ఒక ఐరన్‌కూ దాని పక్క ఐరన్‌కూ తేడా నాలుగైదు డిగ్రీలు. దూరంలో అది పది పన్నెండు గజాలు. మిగతా లెక్కంతా ఇక్కడి నుంచే వస్తుంది.

మరి ఐదు డిగ్రీలంటే ఎంత? ఆసుపత్రి గుమ్మం దగ్గర చక్రాల కుర్చీ కోసం కట్టే ర్యాంపును గుర్తు చేసుకోండి. పద్ధతి ప్రకారం కడితే 12 అడుగుల పొడవుకు 1 అడుగు ఎత్తు లేస్తుంది. అది 4.8 డిగ్రీలు. ఎక్కుతుంటే ఆయాసం రాదు కానీ వాలుందని కాలికి తెలుస్తుంది. ఫెయిర్‌వే మీద నిలబడ్డప్పుడు కాలికి అంత తెలిస్తే దాన్ని ‘ఒక ర్యాంపు’ అనుకోండి. దానికి రెట్టింపు నిటారుగా, అంటే 6 అడుగులకు 1 అడుగు లేస్తే, రెండు ర్యాంపులు, తొమ్మిదిన్నర డిగ్రీలు. ఇంతకన్నా సూక్ష్మంగా కొలవనక్కర్లేదు.

ఇప్పుడు మెరకకు ఎదురుగా కొట్టే షాట్ చూద్దాం. లక్ష్యం వైపున్న కాలు ఎత్తులో, వెనక కాలు పల్లంలో ఉంటాయి. పాదాల మధ్య ఒకటిన్నర అడుగు ఎడం ఉంటే, ఒక ర్యాంపు వాలు మీద ముందు పాదం వెనక పాదం కన్నా ఒకటిన్నర అంగుళం పైన ఉంటుంది. ఇంతే కదా అనిపిస్తుంది. కానీ క్లబ్బు నేల వాలు వెంటే పైకి కదులుతుంది కాబట్టి ఆ ఐదు డిగ్రీలూ లాఫ్ట్‌కు కలుస్తాయి. 32 కాస్తా 37 అవుతుంది. మీరు పట్టుకున్నది 7 ఐరన్, బంతికి తగిలేది 8 ఐరన్. అందుకే 7 ఐరన్ దూరం కావాలంటే 6 ఐరన్ తీయాలి. రెండు ర్యాంపుల వాలైతే 5 ఐరన్. 56 డిగ్రీల శాండ్ వెడ్జ్‌తో అదే వాలు మీద కొడితే లాఫ్ట్ 65 దాటుతుంది. బంతి ఆకాశంలోకి లేచి మీకు కాస్త ముందే పడిందంటే కారణం అదే.

పల్లానికి కొట్టేటప్పుడు లెక్క తిరగబడుతుంది. 32లోంచి 5 తీసేస్తే 27. చేతిలో 7 ఐరన్ ఉన్నా అది 6 ఐరన్‌లా కొడుతుంది. బంతి కిందుగా పోతుంది, పడ్డాక ఎక్కువ దొర్లుతుంది. కాబట్టి 8 ఐరన్ తీసుకుని, బంతి గ్రీన్ ముందే పడి దొర్లుకుంటూ చేరేలా చూసుకోవాలి. పల్లపు వాలు మీద 3 వుడ్ తీయాలనే ఆశ చాలామందికి ఉంటుంది. దాని లాఫ్ట్ 15 డిగ్రీలు, వాలుకు ఐదు పోతే మిగిలేది 10, అంటే దాదాపు డ్రైవర్. టీ లేకుండా నేల మీది బంతిని డ్రైవర్‌తో లేపడం వృత్తి ఆటగాళ్లకే కష్టం. ఆ ఆశ మానుకోవడమే మంచిది.

ఇక్కడో అనుమానం రావాలి. నేల వాలితే వాలనీ, నేను మాత్రం రేంజ్‌లో కొట్టినట్టే కొడితే ఏమవుతుంది? అసలు దెబ్బంతా ఇక్కడే తగులుతుంది కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. చదును మీద మంచి ఆటగాడు 7 ఐరన్‌తో కొట్టినప్పుడు క్లబ్బు తల బంతి దగ్గరికి సుమారు 4 డిగ్రీలు కిందికి దిగుతూ వస్తుంది. ముందు బంతి, ఆ తర్వాత గడ్డి. మెరక వాలు మీద అదే స్వింగ్ వేస్తే క్లబ్బు 4 డిగ్రీలు దిగుతుంటే నేల 5 డిగ్రీలు ఎదురు లేస్తుంది. రెండూ 9 డిగ్రీల కోణంలో ఢీకొంటాయి. క్లబ్బు తల మట్టిలో కూరుకుపోయి మణికట్టు దాకా అదురుతుంది.

పల్లపు వాలు ఇంకా దొంగది. క్లబ్బు 4 డిగ్రీలు దిగుతుంటే నేల 5 డిగ్రీలు జారిపోతోంది. అంటే నేలతో పోలిస్తే క్లబ్బు బంతి దగ్గర ఒక డిగ్రీ పైకి లేస్తోంది. నేలకు దాని అతి దగ్గరి చోటు బంతికి వెనకే అయిపోయింది. ఫలితం రెండింట్లో ఒకటి: బంతికి రెండు మూడంగుళాల వెనక గడ్డి లేచి రావడం, లేదా క్లబ్బు అంచు బంతి నడుముకు తగిలి అది నేలబారున దూసుకుపోవడం. మెరక, పల్లం, బంతి పాదాల కన్నా ఎత్తులో ఉండే పక్కవాలు, పల్లంలో ఉండే పక్కవాలు: ఈ నాలుగు రకాల వాలుల్లో ఎక్కువ స్ట్రోకులు తినేది ఇదేనని నా అభిప్రాయం.

మందు రెండింటికీ ఒకటే. భుజాల గీతను నేల గీతకు సమాంతరంగా ఉంచాలి. మెరకైతే ముందు భుజం పైకి, పల్లమైతే ముందు భుజం కిందికి. అప్పుడు క్లబ్బుకూ నేలకూ మధ్య ఆ 4 డిగ్రీలు చదును మీద ఉన్నట్టే ఉంటాయి. బంతిని ఎత్తులో ఉన్న పాదం వైపు కాస్త జరిపి పెట్టుకోవాలి. ఎంత జరపాలో పుస్తకం చెప్పలేదు, గడ్డి చెబుతుంది. బంతికి ఒకడుగు ఇవతల, అదే వాలు మీద నిలబడి రెండు ఉత్తుత్తి స్వింగులు వేయండి. క్లబ్బు గడ్డిని ఎక్కడ రాసుకుంటుందో చూసి, బంతి ఆ చోటికి వచ్చేలా పాదాలు సర్దుకోండి. కొట్టాక, ముఖ్యంగా పల్లానికి కొట్టాక, క్లబ్బు తలను వాలు వెంటే కిందికి పోనివ్వండి. బంతిని పైకి లేపుదామని చేతులు తొందరపడితే పైన చెప్పిన ఒక డిగ్రీ మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

మెరక వాలంటే ఎత్తులో ఉన్న లక్ష్యమనే కదా అని కొందరు అడుగుతారు. కాదు. కాళ్ల కింది వాలు ఒక సంగతి, గ్రీన్ ఎత్తు ఇంకో సంగతి. గ్రీన్ మీకన్నా 3 అడుగులు పల్లంలో ఉంటే ఒక గజం తగ్గించి, 3 అడుగులు ఎత్తులో ఉంటే ఒక గజం కలిపి కొట్టాలన్నది గోల్ఫర్ల మోటు లెక్క. రెండు లెక్కలనూ విడిగా వేసి తర్వాత కలుపుకోవాలి. గ్రీన్ 7 ఐరన్ దూరంలో ఉండి, మీ బంతి ఒక ర్యాంపు మెరక మీద ఉందనుకోండి, ఒక క్లబ్బు పెంచాలి. అదే గ్రీన్ 30 అడుగుల కింద కూడా ఉందనుకోండి, పది గజాలు అంటే ఒక క్లబ్బు తగ్గించాలి. రెండూ చెల్లు. హాయిగా 7 ఐరనే తీయండి.

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, ఏటా మాస్టర్స్ టోర్నీ జరిగే అగస్టా నేషనల్ కోర్సును టీవీలో చూసినవారికి అది పచ్చటి తివాచీలా చదునుగా కనిపిస్తుంది. కెమెరా ఎత్తుపల్లాలను మింగేస్తుంది. అక్కడి 10వ హోల్ పొడవు 495 గజాలు. టీ నుంచి గ్రీన్‌కు చేరేసరికి నేల సుమారు వంద అడుగులు, అంటే పదంతస్తుల మేడంత దిగిపోతుంది. బాబీ జోన్స్, ఆలిస్టర్ మెకంజీ కలిసి రూపొందించిన ఆ కోర్సులో చదునైన చోటు దొరకడమే అరుదు.

ఆ కోర్సు 13వ హోల్ మనల్ని మూడో రకం వాలు దగ్గరికి తీసుకెళ్తుంది. ఫెయిర్‌వే కుడి నుంచి ఎడమకు వాలి ఉంటుంది. కుడిచేతివాటం ఆటగాడికి బంతి పాదాల కన్నా ఎత్తులో ఉంటుంది. ఇలాంటి లై నుంచి బంతి ఎడమకు పోతుంది. (ఎడమచేతివాటం వారు ఇక్కడి నుంచి కుడి ఎడమలను తారుమారు చేసుకుని చదవాలి.) ఎందుకు పోతుందంటే, క్లబ్బు అడుగు వాలుకు ఆనినప్పుడు వెనక్కి వాలిన దాని ముఖం పక్కకు కూడా తిరుగుతుంది. ముఖం ఎంత వెనక్కి వాలి ఉంటే అంత ఎక్కువ తిరుగుతుంది. అంటే లాఫ్ట్ ఎక్కువున్న క్లబ్బులకే పక్కవాలు ఎక్కువ కీడు చేస్తుంది. పొట్టి షాటే కదా అని వెడ్జ్‌తో నేరుగా జెండా వైపు గురిపెట్టేవారు దెబ్బతినేది అందుకే.

కేవలం రేఖాగణితం ప్రకారం ఒక ర్యాంపు పక్కవాలు మీద లెక్కేస్తే, 180 గజాలు పోయే 3 వుడ్ షాట్ సుమారు 4 గజాలు పక్కకు పోతుంది. 130 గజాల 7 ఐరన్ షాట్ సుమారు 7 గజాలు. 100 గజాల పిచింగ్ వెడ్జ్ షాట్ ఎనిమిదిన్నర గజాలు, అంటే పాతిక అడుగులకు పైనే. గాలిలో బంతి తిరిగే వంపు దీనికి అదనం. కాబట్టి ర్యాంపు వాలు మీద వెడ్జ్ పట్టుకుంటే జెండాకు పాతిక అడుగులు కుడికి గురిపెట్టాలి. మొదటిసారి అటు చూసి నిలబడటానికి ధైర్యం కావాలి, కానీ లెక్క అంతే.

అగస్టా 13లో ఈ ధైర్యానికి ఖరీదుంది. ఎడమ పక్కగా వచ్చే వాగు గ్రీన్ ముందుకు తిరుగుతుంది. పార్ 5 అయిన ఈ హోల్‌ను 2023లో 35 గజాలు పెంచి 545 చేశారు. దాంతో రెండో షాట్‌లోనే గ్రీన్ చేరాలంటే అదే వాలు మీద నుంచి ఇంకా పొడవైన క్లబ్బు కొట్టాల్సి వచ్చింది. లాఫ్ట్ తక్కువ కాబట్టి ముఖం తిరిగేది కొంచెమే. కానీ దూరం ఎక్కువ కాబట్టి ఆ కొంచెమే గజాలకు గజాలవుతుంది.

బంతి ఎత్తులో ఉన్నప్పుడు నిలబడే పద్ధతి తేలికే. బంతి మీ కాలివేళ్లకు రెండడుగుల దూరంలో ఉంటే, ఒక ర్యాంపు వాలు మీద రెండు అంగుళాలు మీ వైపుకు లేచినట్టు. క్లబ్బు పిడిని ఆ మేరకు, ఒకటి రెండు అంగుళాలు కిందికి పట్టుకుని, నడుము కాస్త నిటారుగా ఉంచితే చాలు. బంతి పాదాల కన్నా పల్లంలో ఉంటే పని కష్టమవుతుంది. బంతి కుడికి పోతుంది, ఆ లెక్క పైదే. గురి ఎడమకు మార్చాలి. కానీ రెండు అంగుళాలు ఎక్కడి నుంచి తేవాలి? పిడిని చివరంటా పట్టుకున్నా అర అంగుళమే వస్తుంది. మిగతాది మోకాళ్లు ఇవ్వాలి. కాళ్లు ఎడంగా పెట్టి, కుర్చీలో సగం కూర్చున్నట్టు వంగి, బంతి వెళ్లిపోయేదాకా ఆ వంపు వదలకూడదు. మధ్యలో మోకాళ్లు లేచాయో, క్లబ్బు బంతి నెత్తిన గీరి వెళ్తుంది.

ఇన్ని చేశాక కూడా మనిషి తూలితే ఫలితం లేదు. 70 కిలోల మనిషి ర్యాంపు వాలు మీద నిలబడితే, వాలు వెంట కిందికి లాగే బలం దాదాపు 6 కిలోల బరువుతో సమానం. ఊరికే నిలబడినప్పుడు తెలియదు. స్వింగ్ వేగంతో కలిసినప్పుడు అదే మిమ్మల్ని ఒకడుగు జరుపుతుంది. అందుకే వాలు మీద పూర్తి బలం వద్దు. ఒక క్లబ్బు పెద్దది తీసుకుని ముప్పావు వంతు ఊపుతో కొట్టండి.

వాలును ఫోన్‌తో కొలుచుకోవచ్చా? ప్రాక్టీసులో నిక్షేపంగా. గడ్డి మీద క్లబ్బు పడుకోబెట్టి దాని మీద ఫోన్ పెడితే డిగ్రీలు చెప్పే యాప్‌లున్నాయి. నాలుగైదు చోట్ల కొలిస్తే కాలికి అంచనా వచ్చేస్తుంది. పోటీ రౌండ్‌లో పద్ధతి వేరు. 2019 నుంచి అమల్లో ఉన్న నియమాల ప్రకారం పరికరంతో దూరం కొలవొచ్చు కానీ ఎత్తుపల్లాలు కొలవకూడదు (నియమం 4.3). స్ట్రోక్ ప్లేలో మొదటి తప్పుకు 2 స్ట్రోకులు, మళ్లీ చేస్తే పోటీ నుంచే బయటికి. లక్ష్యానికి దూరంతో పాటు వాలు లెక్క కూడా కట్టే లేజర్ పరికరం మీ దగ్గరుంటే, రౌండ్ మొదలయ్యే ముందు ఆ వసతిని ఆపేయాలి.

కాళ్ల కింద మట్టి తవ్వి చదును చేసుకోవడం కూడా కుదరదు. పాదాలను గట్టిగా ఆనించుకోవచ్చు, అంతవరకే. నిటారు వాలు మీద ఇంకో చిక్కుంది. గ్రీన్ బయట, క్లబ్బు తల బంతి వెనక నేలకు ఆనించగానే బంతి జారిందనుకోండి. అది మీ వల్లే కదిలిందని 95 శాతమైనా తేలితే ఒక స్ట్రోకు జరిమానా, బంతిని పాత చోటే పెట్టాలి. గాలికో, దాని బరువుకో అదే జారితే జరిమానా లేదు, ఆగిన చోటి నుంచే ఆడాలి. ఈ వాదనలోకి దిగకుండా ఉండాలంటే వాలు మీద క్లబ్బును నేలకు తాకించకుండా, గడ్డి కొసలకు అర అంగుళం పైన నిలిపి అక్కడి నుంచే స్వింగ్ మొదలుపెట్టండి.

హైదరాబాద్‌లో గోల్కొండ నయా ఖిలా కోర్సులోనో, మరో చోటో ఆడేవారికి సాధన స్థలం వెతుక్కోనక్కర్లేదు. ఆట సద్దుమణిగిన సాయంత్రం, క్లబ్ వారి అనుమతితో, ఒకే 7 ఐరన్ తీసుకుని ఏదో ఒక గట్టు చుట్టూ తిరగండి. మెరకకు ఐదు బంతులు, పల్లానికి ఐదు, అటుపక్క ఐదు, ఇటుపక్క ఐదు. ప్రతి బంతి చదును మీది కన్నా ఎన్ని గజాలు తగ్గిందో పెరిగిందో, ఎటు పోయిందో స్కోరు కార్డు వెనక రాసుకోండి. నేనిచ్చిన అంకెలకూ మీవాటికీ తేడా వస్తే, మీవే వాడండి.