పెద్దమ్మాయి బడి ఎందుకు మానింది?



పుప్పాలగూడలో కొత్తగా లేస్తున్న పెద్ద మేడల దగ్గరికి పొద్దున్నే వెళ్లి చూడండి. పాలమూరు నుంచీ పక్క రాష్ట్రాల నుంచీ వచ్చిన కూలీలు పని మొదలుపెట్టి ఉంటారు. అమ్మ తట్ట మోస్తుంది, అయ్య ఇటుక పేరుస్తాడు. రేకుల గుడిసె ముందు పదేళ్ల పిల్ల ఒకతె, ఏడాది బిడ్డను చంకన వేసుకుని నిలబడి కనిపించవచ్చు. అది బడి గంట కొట్టే వేళ. ఆ పిల్ల బడిలో ఎందుకు లేదు?

"బీదతనం" అంటారు అందరూ. నిజమే, కాని అదొక్కటే కాదు.

ఒక ఇంటి సంగతి

ఒక ఇల్లు ఉందనుకుందాం. పెద్దమ్మాయి నాలుగో తరగతి. చక్కగా చదువుతోంది. కొడుకు కావాలని ఎదురుచూస్తూ ఆ ఇల్లాలు వెంటవెంటనే మూడో కాన్పు, నాలుగో కాన్పు పడింది. ఒంట్లో రక్తం లేదు, లేవలేకపోయింది. "ఈ నెల రోజులు ఇంటికాడ ఉండు బిడ్డా, చెల్లెను చూసుకో" అంది. నెల మూడు నెలలైంది. తల్లి మళ్లీ పనికి పోయింది. చంటిబిడ్డను చూసేవాళ్లు లేరు. పెద్దమ్మాయి ఇంట్లోనే ఉండిపోయింది. తోటిపిల్లలు పై తరగతికి పోయారు. ఈమెకు సిగ్గేసి, పొమ్మన్నా పోనంది.

పన్నెండో ఏట అంట్లు తోమే పనిలో చేరింది. పెద్దమనిషి అయ్యాక "ఇంట్లో ఒంటరిగా ఎట్లా ఉంచేది?" అని భయం. పదహారో ఏట పెళ్లి, పదిహేడో ఏట కాన్పు. తల్లి కథే బిడ్డకూ మొదలైంది.

చూశారా? ఆ పిల్లను బడి మాన్పించాలని ఎవరూ అనుకోలేదు. ఎడం లేని కాన్పులే ఆమెను బడి నుంచి దించాయి.

చిన్న వయసు కాన్పు ప్రమాదం

పద్దెనిమిదేళ్లలోపు పిల్లకు కటి ఎముకలు పూర్తిగా ఎదగవు. కాన్పు కష్టమవుతుంది. రక్తహీనత ఎక్కువ. పుట్టే బిడ్డ బరువు తక్కువ. తల్లికీ బిడ్డకీ ప్రాణాపాయం. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణలో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో నూటికి 23 మందికి పైగా పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని తేలింది. 2006 నాటి చట్టం ప్రకారం ఇది నేరం. ఆడపిల్లకు 18, మగపిల్లవాడికి 21 నిండాలి. బడిలో ఉన్న పిల్లకు పెళ్లి తొందర ఉండదు. బడే ఆమెకు కాపలా.

మన జిల్లాలోనే చేసి చూపారు

ఇది జరిగే పనేనా అంటారా? ఈ రంగారెడ్డి జిల్లాలోనే 1991 నుంచి శాంతా సిన్హా గారి ఆధ్వర్యాన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ వారు ఊరూరా తిరిగి, పనిలో ఉన్న పిల్లలను బడికి పంపమని తల్లిదండ్రులను ఒప్పించారు. చదువు వెనకబడిన పిల్లలను ముందు శిబిరాల్లో ఉంచి, అక్షరాలు నేర్పి, వయసుకు తగిన తరగతిలో చేర్చారు. బడి బయట ఉన్న ప్రతి పిల్లా పనిపిల్లే అన్నది వారి మాట. ఇంట్లో చెల్లిని ఎత్తుకునే పిల్ల కూడా అంతే! ఈ కృషికి శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. ఒప్పుకుని పిల్లలను పంపింది మాత్రం మీలాంటి బీద తల్లిదండ్రులే.

మీరు చేయగల పనులు

1. బిడ్డకూ బిడ్డకూ కనీసం మూడేళ్లు ఎడం పెట్టండి. కాపర్-టి, మాలా-ఎన్ మాత్రలు, మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షను, నిరోధ్ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల ద్వారా ఉచితంగా ఇస్తారు. ఇక పిల్లలు చాలనుకుంటే ఆపరేషను ఉంది. మగవారి ఆపరేషను సులువు, దానివల్ల బలం తగ్గదు. ఏది ఎంచుకోవాలన్నది మీ ఇద్దరి ఇష్టం.

2. మూడేళ్లు నిండిన బిడ్డను అంగన్‌వాడీకి పంపండి. యాభై మందికి మించి ఆడకూలీలు పనిచేసే కట్టడాల దగ్గర, ఆరేళ్లలోపు పిల్లలకు గది ఏర్పాటు చేయాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. మేస్త్రీని అడగండి, నలుగురూ కలిసి అడగండి.

3. ఊరు మారినా బడి మాన్పించకండి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను పుట్టినతేదీ కాగితం లేదని, టీ.సీ. రాలేదని బడిలో చేర్చుకోకుండా ఉండరాదు. మధ్యలో మానిన పిల్లనూ వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి.

4. ఇంట్లో ఉంచడం కష్టమైతే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఉన్నాయి. 2004లో ఈ పథకం వచ్చింది. ఆరో తరగతి నుంచి తిండి, బస, చదువు ఉచితం. బడి మానేసిన ఆడపిల్లల కోసమే ఇవి ముఖ్యంగా పెట్టారు.

"పెళ్లి ఖర్చో?" అంటారా

2014లో మొదలైన కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ పథకాల కింద తెలంగాణలోని బీద కుటుంబాలకు 2018 నుంచి రూ. 1,00,116 ఇస్తున్నారు. అయితే పెళ్లినాటికి పిల్లకు 18 నిండి ఉండాలి. తొందరపడితే ఈ సాయమూ పోతుంది.

"రేపు ఒకరింటికి పోయే పిల్లకు చదువెందుకు?" అంటారా? చదివిన తల్లి మందు చీటీ చదవగలదు, కూలి లెక్క తప్పితే పట్టుకోగలదు, తన బిడ్డకు సమయానికి టీకా వేయించగలదు. తన పిల్లను తానే బడికి పంపుతుంది.

ఎక్కడైనా చిన్నపిల్లకు పెళ్లి చేస్తున్నారని తెలిస్తే 1098కి ఫోను చేయండి. డబ్బు ఖర్చు కాదు.

అమ్మా, అయ్యా! ఈ రాత్రి పిల్లలు నిద్రపోయాక మీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. తర్వాతి బిడ్డ ఎప్పుడు? అసలు కావాలా? అప్పుడు పెద్దమ్మాయి ఏ తరగతిలో ఉంటుంది? ఈ మూడు ప్రశ్నలూ కలిపి వేసుకోండి. సందేహముంటే ఇద్దరూ కలిసి ఆరోగ్య కేంద్రానికి రండి. నర్సమ్మ అంతా విడమరచి చెబుతుంది.