ఐఈఎల్‌టీఎస్: వచ్చిన ఇంగ్లిషుకు పదును
విదేశీ చదువులకు రాసే ఇంగ్లిషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో గరిష్ఠ బ్యాండ్ 9. అనంతపురం జేఎన్‌టీయూలో ఇంజినీరింగ్ ఇంగ్లిషులోనే చదివినవారికి వ్యాకరణం పెద్ద అడ్డంకి కాదు. విషయాన్ని సాగదీయకుండా విస్తరించడమే కష్టం. రైటింగ్ రెండో ప్రశ్నకు కనీసం 250 పదాలు రాయాలి. మొదటిదానికన్నా దీనికి రెట్టింపు విలువ. బట్టీపట్టిన వ్యాసాలను ఎగ్జామినర్లు ఇట్టే పసిగడతారు.

స్పీకింగ్‌లో అంశం రాసిన కార్డు చూసి ఒక నిమిషం ఆలోచించుకుని, రెండు నిమిషాల దాకా మాట్లాడాలి. మీ ఊళ్లో వచ్చిన మార్పు గురించి అడిగితే లండన్ కబుర్లెందుకు? వేరుశనగ చేలు చీనీ తోటలైన తీరు, బోర్లు ఎండిన వైనం చెప్పొచ్చు. 'వానలు లేవు' అని ఆగిపోకుండా కారణం, ఫలితం, ఉదాహరణ జోడించాలి. ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే తడబాట్లు తెలుస్తాయి.

స్కోరు సాధారణంగా రెండేళ్లే చెల్లుతుంది. దరఖాస్తు గడువు చూసుకునే పరీక్ష తేదీ ఎంచుకోవాలి.