పీజీ ఎకనామిక్స్‌లో యూనివర్సిటీల సహకారం: గోలేటి నుంచి చూస్తే

అపోహ: యూనివర్సిటీల సహకారం అంటే విదేశీ సంస్థతో ఎంఓయూ. మారుమూల పిల్లలకు దాంతో పనిలేదు.

వాస్తవం: సహకారం అసలు అవసరం చిన్న చోట్లకే. ఎకనామెట్రిక్స్ బాగా చెప్పేవారు ఒకచోట ఉంటారు, సహజవనరుల అర్థశాస్త్రం తెలిసినవారు మరోచోట ఉంటారు. అన్ని ఎలక్టివ్‌లూ ఒక్క డిపార్ట్‌మెంట్ వల్ల కాదు. ఆఫ్రికా దేశాలు ఈ చిక్కును ఎదుర్కొన్న తీరు మనకు పనికొస్తుంది. నైరోబీ కేంద్రంగా 1988లో ఏర్పడిన ఆఫ్రికన్ ఎకనామిక్ రీసెర్చ్ కన్సార్టియం 1993లో ఉమ్మడి మాస్టర్స్ ప్రారంభించింది. ముఖ్యమైన పేపర్లు ఎవరి యూనివర్సిటీలో వారు చదువుతారు. ఎలక్టివ్‌ల కోసం వేర్వేరు దేశాల విద్యార్థులు ఒకేచోట కూర్చుంటారు. డిగ్రీ మాత్రం సొంత యూనివర్సిటీదే.

అపోహ: బయట చదివిన కోర్సు డిగ్రీలో కలవదు.

వాస్తవం: కలుస్తుంది. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం దాకా ‘స్వయం’ ఆన్‌లైన్ వేదిక ద్వారా చదవవచ్చు. కాకపోతే మీ యూనివర్సిటీ ఆ కోర్సును ఆమోదించాలి. అందుకే పేరు నమోదు చేసుకోకముందే డిపార్ట్‌మెంట్‌లో అడగండి.

అపోహ: ఉద్యోగంలో ఉన్నవారికి పీహెచ్‌డీ కుదరదు.

వాస్తవం: యూజీసీ 2022 నిబంధనలు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి వీలిచ్చాయి. సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం ఉండాలి, కోర్స్‌వర్క్ తప్పదు. మరో సంస్థలోని అధ్యాపకుడిని సహ పర్యవేక్షకుడిగా తీసుకునే అవకాశమూ ఉంది. సింగరేణి బొగ్గు సంస్థ ఉద్యోగులకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

అపోహ: గోలేటి లాంటి బొగ్గుబాయిల ఊళ్లో ఎకనామిక్స్ పరిశోధనకు ఏముంటుంది?

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధించే మాట ఇదే. సింగరేణిలో తెలంగాణ రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. లాభాల్లో కార్మికులకూ వాటా ఇచ్చే సంస్థ. భూగర్భ గనుల నుంచి ఓపెన్‌కాస్టుకు మారితే టన్నుకు ఎంతమంది కూలీలు తగ్గుతారు? పర్మినెంటు కార్మికుడి కుటుంబానికీ కాంట్రాక్టు కార్మికుడి కుటుంబానికీ పొదుపులో, పిల్లల చదువులో తేడా ఎంత? భూమి పోయిన రైతు పరిహారం డబ్బు ఐదేళ్లకు ఏమైంది? జిల్లా ఖనిజ నిధి గనుల పక్క పల్లెలకు చేరుతోందా? బొగ్గు తగ్గే రోజు వస్తే ఈ టౌన్‌షిప్ దుకాణాలు దేనిమీద బతకాలి? ఒక్కో ప్రశ్నా ఒక్కో థీసిస్.

వీటికి ఒక్క ఎకనామిక్స్ సరిపోదు. మైనింగ్ తెలిసినవారి తోడు కావాలి, ఆ విద్యకు కొత్తగూడెంలో దశాబ్దాల చరిత్ర ఉంది. మరో తోడు మహారాష్ట్ర సరిహద్దు అవతలే ఉంది. కాజీపేట–బల్లార్షా లైను ఎక్కితే చంద్రపూర్ బొగ్గుగనులు వస్తాయి. అక్కడ తవ్వేది కోల్ ఇండియాకు చెందిన వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్. అక్కడా బొగ్గే, యాజమాన్యం మాత్రం వేరు. రెండు విధానాలను పక్కపక్కన పెట్టి కార్మికుడి బతుకును పోల్చడానికి ఇంతకన్నా అనువైన చోటు దొరకదు. ఆ ప్రాంతానికి గడ్చిరోలిలో 2011 నుంచి గోండ్వానా యూనివర్సిటీ ఉంది, మనకు వరంగల్‌లో కాకతీయ ఉంది.

ఈ రెండు యూనివర్సిటీల అర్థశాస్త్ర అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే. ఉమ్మడి డిగ్రీ సంగతి తర్వాత చూడవచ్చు. ముందు రెండువైపుల విద్యార్థులతో ఒకే ప్రశ్నావళి మీద ఒక సర్వే చేయించండి. గోలేటి పిల్లలు కార్మికవాడల్లో ఇల్లిల్లూ తిరగగలరు, తలుపు తీసినవారితో వాళ్ల మాటలోనే మాట్లాడగలరు.