రొట్టె బాకీ తీర్చడానికి నెల్లూరు ప్రయాణం

గోదావరి జిల్లాల్లో రొట్టె అంటే మినపరొట్టె. భాండీలో నూనె వేసి, పిండి మందంగా పోసి, మూత పెట్టి, సన్నని సెగ మీద నింపాదిగా కాల్చే దిబ్బరొట్టె. పక్కన చెరకు పానకం ఉంటే ఇంకేమీ అక్కరలేదు. గోధుమ రొట్టె ఈ ప్రాంతానికి తరువాత వచ్చిన చుట్టం. షుగరు జబ్బువారు రాత్రిపూట తినేది అని ఇప్పటికీ పల్లెల్లో ఒక అభిప్రాయం ఉంది. అటువంటి గోధుమ రొట్టె ఒక్కటంటే ఒక్కదాని కోసం ఇక్కడివారు నాలుగు వందల కిలోమీటర్లు రైలెక్కి వెళ్లి, చెరువు నీళ్లలో నిలబడి, ముక్కూ మొహం తెలియనివారిని చేయి చాచి అడుగుతారంటే విడ్డూరంగానే ఉంటుంది.

అయినా అడుగుతున్నారు. ఏటా మొహర్రం నాడు మొదలై ఐదు రోజులపాటు నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టున, బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగకు రాష్ట్రం నలుమూలల నుంచే కాక తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక నుంచి కూడా లక్షలాది జనం తరలివస్తారు. రాష్ట్ర ప్రభుత్వం 2015లో దీనిని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. ముస్లిం దర్గా దగ్గర జరిగే పండుగే అయినా వచ్చేవారిలో హిందువులు ఏమీ తక్కువ కాదు. బొట్టు పెట్టుకున్న ముత్తయిదువలూ, బురఖా వేసుకున్న ఆడవారూ పక్కపక్కనే నీళ్లలో నిలబడి ఉంటారు. మన ఊళ్లలో పీర్ల పండుగకు అన్ని కులాలవారూ నిప్పుల గుండం దగ్గర చేరడం చూసినవారికి ఇదేమీ కొత్తగా అనిపించదు.

పండుగ తంతు చాలా తేలిక. ఏదైనా కోరిక ఉన్నవారు, అదే కోరిక అంతకుముందు తీరినవారి దగ్గర రొట్టె తీసుకోవాలి. చెరువు నీళ్లలో నిలబడి, తల మీద కొంగో తువ్వాలో కప్పుకుని దానిని తినాలి. కోరిక తీరితే మరుసటి ఏడు రొట్టె చేయించుకుని వచ్చి, అదే కోరిక ఉన్న ఇంకొకరికి ఇవ్వాలి. అంతే. పూజారి లేడు, టిక్కెట్టు లేదు, హుండీలో వేయాల్సిన నిర్బంధం లేదు.

అన్నవరం సత్యనారాయణస్వామికి మొక్కుకున్నవారు కొండెక్కి వ్రతం చేయించుకుని, విస్తరాకు పొట్లంలో గోధుమరవ్వ ప్రసాదం తెచ్చుకుని నలుగురికీ పంచుతారు. అక్కడ మొక్కు దేవుడికి, ప్రసాదం బంధువులకు. నెల్లూరులో బాకీ ఒక మనిషి దగ్గర చేసి, మరో మనిషికి తీర్చాలి. ఇచ్చిన మనిషి ఎవరో తెలియదు, పుచ్చుకునే మనిషి ఎవరో తెలియదు. తీర్చకపోతే అడిగేవారూ లేరు. అయినా ఎగవేయడానికి ఎవరికీ మనసొప్పదు.

కోనసీమ దంపతుల రొట్టెలు

2025లో పండుగ జూలై 6న మొదలైంది. ఆ రోజు చెరువులో నిలబడ్డవారిలో కోనసీమ నుంచి వచ్చిన ఒక రైతు దంపతులున్నారు. ఎకరంన్నర కొబ్బరి తోట, కొంచెం వరిచేను వారి ఆస్తి. వారి అబ్బాయి డిగ్రీ పూర్తయి నాలుగేళ్లు ఉద్యోగం కోసం పరీక్షలు రాస్తూ కూర్చున్నాడు. 2024 జూలైలో ఎవరో చెప్పగా తల్లి ఒక్కతే తోడికోడలిని వెంటబెట్టుకుని నెల్లూరు వెళ్లి ఉద్యోగ రొట్టె తెచ్చుకుంది. ఏడాది తిరగకముందే అబ్బాయికి ఉద్యోగం వచ్చింది.

రొట్టె వల్లనే వచ్చిందా అని అడిగితే తండ్రి నవ్వుతాడు. "చదివింది వాడండి, మొక్కింది మేమండి. ఎవరి పని వారు చేశాం" అంటాడు. భార్యకు ఆ మాట నచ్చలేదు. "నాలుగేళ్లు చదివినప్పుడు రానిది ఈ ఏడే ఎందుకొచ్చిందంటారు?" అని ఆమె వాదన.

రొట్టెలు చేసుకుని వెళ్లడం దగ్గర కూడా ఇంట్లో చర్చ జరిగింది. మినపరొట్టె పట్టుకెళ్తే కుదరదా అని ఆమె సందేహం. కుదరదని, గోధుమపిండితోనే చేయాలని పక్కవీధిలోని ఒక ముస్లిం ఇల్లాలు చెప్పి, కొబ్బరికోరు, పంచదార లోపల పెట్టి కాల్చడం దగ్గరుండి నేర్పించింది. కొబ్బరి మాత్రం సొంత తోటలోనిదే. అరటాకులో చుట్టి, స్టీలు కేరియర్‌లో పెట్టి ఆరు రొట్టెలతో బయలుదేరారు. పుచ్చుకున్నది ఒకటే అయినా ఆరు ఎందుకంటే, "వడ్డీ అండి" అన్నది ఆమె.

కాకినాడ నుంచి మధ్యాహ్నం బయలుదేరే సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఇక్కడివారికి అనువుగా ఉంటుంది. రాజమండ్రి, విజయవాడ, ఒంగోలు మీదుగా రాత్రి పొద్దుపోయాక నెల్లూరు చేరుస్తుంది. పండుగ రోజుల్లో జనరల్ పెట్టెలో కాలు మోపే చోటు ఉండదు. తెల్లవారేదాకా ప్లాట్‌ఫారం మీదే దుప్పటి పరచుకునేవారు కొందరు, ఆటో ఎక్కి దర్గామిట్ట వైపు వెళ్లి గట్టు మీద చోటు పట్టుకునేవారు కొందరు. ఇక్కడ జూలై అంటే ముసురు. అక్కడ మాత్రం ఎండ పేలిపోతుంది. నెల్లూరుకు వానలు అక్టోబరు దాటాకే ఎక్కువ. గొడుగు వాన కోసం పట్టుకెళ్లినవారు ఎండ కోసం వాడుకోవలసి వచ్చింది.

ఏ రొట్టె ఎక్కడ

దర్గా వీధి మొదలు దగ్గర నుంచే రొట్టెల వాసన. పెనాలు పెట్టుకుని కాల్చి అమ్మేవారు వరుసగా కూర్చుని ఉంటారు. గాజులు, మిఠాయి, పూల చాదర్లు, సాంబ్రాణి, ఊదుబత్తీలు అమ్మే కొట్ల మధ్య జనం ఒకరినొకరు తోసుకుంటూ కదులుతారు. జగ్గన్నతోట ప్రభల తీర్థంలో నలిగినవారికి ఆ తోపులాట అలవాటే. తేడా ఏమంటే, తీర్థానికి వెళ్లినవారు జీళ్లు, ఖర్జూరం కొనుక్కుని ఇంటికి తెచ్చుకుంటారు. ఇక్కడ రొట్టె ఇంటి నుంచి తెచ్చి పరాయివారి చేతిలో పెట్టిపోతారు.

నీళ్లలోకి దిగాక ఏ రొట్టె ఎక్కడ దొరుకుతుందో తెలియడానికి బోర్డులు పెడతారు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె, ధన రొట్టె, సొంత ఇంటి రొట్టె. కాలం మారిన కొద్దీ కోరికలూ పెరిగాయి. ఇప్పుడు వీసా రొట్టె కూడా ఉంది. బోర్డు చూడకపోయినా ఫరవాలేదు. "ఉద్యోగం, ఉద్యోగం" అని అరిచేవారు, "సంతానం ఎవరిదమ్మా?" అని వెతికేవారు, అంతా సంతలో బేరాల మాదిరే ఉంటుంది.

ఉద్యోగం వచ్చినవారే ఉద్యోగ రొట్టె ఇవ్వాలి. బిడ్డ పుట్టినవారే సంతాన రొట్టె ఇవ్వాలి. ఈ నియమం వల్ల ఒక చిక్కు ఉన్నది. కొట్లో కొన్న రొట్టెకు కోరిక తీరిన చరిత్ర ఏముంటుంది? ఇచ్చే మనిషిది తీరితే చాలు, రొట్టె ఎక్కడిదైతేనేం అని కొందరు అంటారు. ఇంట్లో చేసినదే మంచిదని పట్టుబట్టేవారు ఇంకొందరు. ఇంట్లోదా, కొన్నదా అని అడిగి మరీ తీసుకున్న ఇల్లాళ్లు కనిపించారు. నీళ్లలో సగం తిని సగం వదిలేసేవారు కూడా ఉన్నారు. సాయంత్రానికి గట్టు వెంబడి తడిసిన రొట్టె ముక్కలు పేరుకుంటాయి. పారిశుధ్య పనివారు పారలతో ఎత్తుతూనే ఉంటారు. కోరుకుని అడిగి తీసుకున్న తిండిని అలా పారవేయడం చూడటానికి బాగుండదు.

దర్గా పుట్టుక గురించి అక్కడివారు చెప్పుకునే కథ ఇది. బారా అంటే పన్నెండు. షహీద్ అంటే ధర్మం కోసం ప్రాణమిచ్చిన వీరుడు. పన్నెండు మంది వీరులు కొడవలూరు మండలం గండవరం దగ్గర యుద్ధంలో తలలు తెగి పడిపోయారట. మొండేలను మోసుకుంటూ గుర్రాలు ఈ చెరువు గట్టుకు వచ్చి ఆగాయట. వారిని అక్కడే సమాధి చేశారు. తరువాత ఎప్పుడో ఆర్కాటు నవాబు బేగం జబ్బు పడితే, సమాధుల దగ్గరి మట్టి నొసట పెడితే నయమవుతుందని చెరువు రేవులో బట్టలుతికే దంపతులకు కల వచ్చిందట. అలాగే చేయగా బేగం కోలుకున్నది. నవాబు దంపతులు మొక్కు తీర్చుకోవడానికి వచ్చి, తాము తెచ్చుకున్న రొట్టెలను అక్కడున్నవారికి పంచారని, రొట్టెల పండుగకు అదే మొదలని అంటారు. పెద్దలు కొందరు దీనినే కొద్ది తేడాలతో చెబుతారు. చాకిరేవులో మొదలై నవాబు ఇంటిదాకా వెళ్లిన కథ కాబట్టి కాబోలు, ఈ నీళ్లలో చిన్నా పెద్దా తేడా కనిపించదు.

పండుగలో ఒక రాత్రి గంధ మహోత్సవం జరుగుతుంది. కోటమిట్ట నుంచి పన్నెండు బిందెలలో గంధం ఊరేగింపుగా వస్తుంది. కడప అమీన్‌పీర్ దర్గా పీఠాధిపతి ఆధ్వర్యంలో ఆ గంధాన్ని సమాధులకు లేపనం చేస్తారు. ఆ గంధం చిటికెడు దొరికితే చాలని జనం తెల్లవార్లూ కాచుకుని ఉంటారు. కరోనా వచ్చిన 2020లో మాత్రం పండుగకు జనాన్ని రానివ్వలేదు. ఆ ఏడు రొట్టె ఇవ్వవలసినవారు బాకీ అలాగే పెట్టుకుని తరువాత వచ్చి తీర్చుకున్నారు.

ఐదు రొట్టెలు ఐదు నిమిషాల్లో

కోనసీమ దంపతులు ఉద్యోగం బోర్డు కింద కేరియర్ మూత తీయగానే చేతులు చుట్టుముట్టాయి. చాచిన చేతులలో ఎక్కువ అక్కడే కనిపించాయి. ఐదు రొట్టెలు ఐదు నిమిషాల్లో అయిపోయాయి. ఒకటి ఒంగోలు వైపు నుంచి వచ్చిన అమ్మాయికి, ఒకటి కొడుకు కోసం వచ్చిన ముసలాయనకు, మిగతావి ఎవరికో ఆమెకే గుర్తు లేదు. ఆరోది పదిహేనేళ్ల కుర్రవాడు అడిగాడు.

"నీకప్పుడే ఉద్యోగమేంటి బాబూ?" అన్నది ఆమె.

"మా అన్నకండీ. నీళ్లలోకి రమ్మంటే సిగ్గుపడి గట్టు మీదే నిలబడ్డాడు."

ఆమె గట్టు వైపు చూసింది. ముప్పై ఏళ్ల మనిషి ఒకడు చెప్పులు చేత్తో పట్టుకుని ఎటో చూస్తూ నిలబడి ఉన్నాడు. తన కొడుకు కూడా నిరుడు వీధిలోకి రావడానికి ఇలాగే మొహం చాటేసేవాడని భర్తతో చెప్పి, రొట్టె కుర్రవాడికి ఇవ్వకుండా తానే గట్టెక్కి ఆ మనిషి చేతిలో పెట్టి, నీళ్లలోకి దింపి తినిపించింది.

అక్కడికి నాలుగడుగుల దూరంలో, సంతానం బోర్డు కింద, భీమవరం దగ్గరి గ్రామం నుంచి వచ్చిన ఒక ఇల్లాలు ఉన్నది. పెళ్లయి తొమ్మిదేళ్లు. ఆస్పత్రుల చుట్టూ తిరిగి రెండెకరాల చేపల చెరువు లీజు డబ్బు ఖర్చయింది. రొట్టె తీసుకోవడం ఆమెకు అది మూడోసారి. తీరనివారు ఏం చేయాలన్నది పండుగ నియమాలలో ఎక్కడా లేదు. ఇవ్వవలసిన బాకీ లేదు కనుక వారు ఇంటి దగ్గరే ఉండిపోవచ్చు. ఊళ్లో "మళ్లీనా?" అన్నవారు ఉన్నారు. అత్తగారు మాత్రం చార్జీలు చేతిలో పెట్టి, "వెళ్లు, వచ్చినా రాకపోయినా అడగడం మానకు" అని పంపించారట.

ఒక నెల్లూరు ఆమె చంకన ఎనిమిది నెలల పాపతో, చేతిలో రొట్టెతో వచ్చింది. "సంతానమేనా మా నీకు?" అని అడిగి, సగం విరవబోయి, మళ్లీ ఆగి మొత్తం ఇచ్చేసింది. నీళ్లలో నిలబడి ఈమె తింటున్నంతసేపూ ఆమె కదలలేదు. పాప చేయి చాచి ఈమె కొంగు పట్టుకున్నది. పేరేమిటి, ఏ వీధి అని ఈమె అడిగితే, "పేరుతో ఏం పని? నాకిచ్చినామె పేరు నాకు తెలియదు. వచ్చే ఏడు బిడ్డను తీసుకొచ్చి ఇంకొకరికి ఇయ్యి, చాలు" అన్నది. అని పాప గుప్పిట విడిపించి, జనంలో కలిసిపోయింది.

మొహర్రం చంద్రుణ్ణి బట్టి వచ్చే పండుగ. ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2024లో జూలై 17న, 2025లో జూలై 6న రావడంతో డెల్టాలో సార్వా నారుమళ్లు, నాట్ల పనులు మానుకుని వెళ్లవలసి వచ్చింది. ఇలాగే జరుగుతూ పోతే కొన్నేళ్లకు దాళ్వా కోతలు పూర్తయిన వేసవి రోజుల్లోకి వస్తుంది. అప్పుడు ఇక్కడి నుంచి వెళ్లేవారు పెరుగుతారని రైలులో అనుకున్నారు.

తిరుగు ప్రయాణంలో కోనసీమ దంపతులు, భీమవరం ఇల్లాలు, ఆమె భర్త ఒకే పెట్టెలో ఎదురెదురుగా కూర్చున్నారు. ఖాళీ కేరియర్ ఒళ్లో పెట్టుకున్న ఆమె, రొట్టెలో కొబ్బరి ఎంత పాళ్లు వేయాలో, పిండి ఎంతసేపు నాననివ్వాలో విడమరిచి చెబుతూ వచ్చింది. ఈమె అడగలేదు. అయినా శ్రద్ధగా విన్నది. ఏలూరు దాటాక, "పంచదారకు బదులు బెల్లమైతే కుదురుతుందా అక్కా?" అని ఒక్క సందేహం మాత్రం అడిగింది.