ద్రాక్షాకుల దోల్మా

విస్తరియై అన్నమును మోయు ఆకు, కోనసీమయందు బుట్టగా అల్లబడి పొట్టిక్కల పిండిని ఆవిరిపై నిలుపు పనసాకు మనకు చిరపరిచితములు. అవి తమ పరిమళమును కొంత భోజ్యమునకొసగి, పిదప పారవేయబడును. అయితే కాస్పియన్ తీరమందలి అజర్‌బైజాన్ మొదలుకొని తుర్కీ, గ్రీసు, బాల్కన్ దేశముల వరకు వ్యాపించిన, మాంసమును బియ్యమును ఆకున చుట్టి వండు దోల్మాయందు ఆకు పాత్రయు తానే, సంభారమును తానే, భోజ్యమును తానే. ఈ మూడు ధర్మములు ఒక్క ద్రాక్షాకున ఎట్లు సమకూరినవో గ్రహించినచో ఆ పాకము చాలవరకు చేతికి వచ్చినట్లే.

వసంతమున తీగ చిగిర్చినపుడు అరచేయి వెడల్పునకు మించని లేతాకులను ఏరి కోయుదురు. ముదిరినది ఎంత ఉడికినను నారగానే మిగులును. ఋతువు గడచిన పిమ్మట వాడుకొనుటకై వానిని ఉప్పునీట ఊరవేసి దాచుదురు. తాజా ఆకును మరుగునీట ఒకటి రెండు నిమిషములు ముంచి తీసిన, మడిచినను చిరుగని మెత్తదనము వచ్చును. ఊరిన ఆకునైతే కడిగి, అధికమైన ఉప్పును పోగొట్టవలెను. టార్టారిక్, మాలిక్ ఆమ్లముల వలన ఆకునకు సహజమైన పులుపు కలదు. గొఱ్ఱెమాంసపు కొవ్వు వెగటు కలిగింపకుండ కాపాడునది ఈ పులుపే; గోంగూరతో మాంసమును వండుకొను తెలుగువారికి ఈ పొత్తులోని ఔచిత్యమును వేరుగ బోధింప నక్కరలేదు.

అరకిలో గొఱ్ఱె ఖీమాకు నూరు గ్రాముల కడిగిన పొట్టిబియ్యము, సన్నగా తరిగిన ఉల్లిపాయలు రెండు, గుప్పెడు చొప్పున పుదీన, కొత్తిమీర, సోయకూర, తగినంత ఉప్పు, మిరియాలపొడి చేర్చి, పచ్చిగనే చేతితో మర్దించి కలుపవలెను. ఆకు నున్నని వైపు క్రిందికిని, ఈనెలు తేలిన వైపు పైకిని ఉండునట్లు పరచి, తొడిమ త్రుంచి, ఆ మూలమున చెంచాడు ఖీమా నుంచి, మొదట అడుగును, పిదప ప్రక్కలను మడిచి కొన వైపునకు చుట్టుదురు. లోని బియ్యము ఉడికి ఉబ్బును గనుక బిగించి చుట్టిన ఆకు పగులును. వదులుగ చుట్టిన విడిపోవును. ఈ రెంటికిని నడుమనున్న కొలతను వ్రేళ్లే నేర్చుకొనవలెను.

అడుగు మందమైన గిన్నెలో చిరిగిన ఆకులనో, ఎముకలనో పరచి, చుట్టలను మడత క్రిందికి వచ్చునట్లు ఎడము లేకుండ పేర్చి, కదలకుండుటకై పైన ఒక పళ్లెమును బోర్లించి, మునుగునంత నీరు పోయుదురు. ఒక్క పొంగు రాగానే మంట తగ్గించి, సుమారు ఒక గంట మెల్లగ ఉడికింపవలెను. మాంసము విడిచిన రసమును బియ్యము పీల్చుకొనగా, ఆ రసము బయటికి పోకుండ ఆకు నిలుపును. అందువలననే కొద్దిపాటి ఖీమాయైనను పెద్ద కుటుంబమునకు చాలుచున్నది. వెల్లుల్లి నూరి కలిపిన పెరుగు దీనికి తగిన అనుపానము.

ద్రాక్షాకు దొరకని చోటులందును, దొరకని కాలమందును క్యాబేజీ ఆ స్థానమును గ్రహించినది. రుమేనియాలో క్రిస్మస్ భోజనమునకు పులియబెట్టిన క్యాబేజీ ఆకులలో మాంసమును చుట్టుదురు. 1709లో పోల్తావా యుద్ధమున ఓడిన స్వీడన్ రాజు పన్నెండవ చార్లెస్ 1714 వరకు తురుష్క సామ్రాజ్యమున తలదాచుకొనెను. ఆ ప్రవాసముతోడనే ఈ వంటకము తమ దేశమునకు వచ్చినదని స్వీడన్ ప్రజలు చెప్పుకొందురు. ఆ దేశపు రచయిత్రి కాయిసా వార్గ్ పాకగ్రంథపు 1765 నాటి ముద్రణమున దానికి చోటు దొరకినది. పలువురు కలసి కూర్చుండి చుట్టుటయు, పంచుకొనుటయు గల అజర్‌బైజాన్ దోల్మా సంప్రదాయమును యునెస్కో 2017లో మానవాళి సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చినది.

ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుగన్న హైదరాబాదు పరిసరములవారు ఈ పాకమును ప్రయత్నింపదలచినచో, మందులు చల్లని తీగ ఆకులనే కోయుట క్షేమకరము. అవి దొరకనిచో క్యాబేజీ ఆకును వాడవచ్చును. అయితే దానికి లేని పులుపును నిమ్మరసముతో పూరింపవలెను. ఏ ఆకును గైకొన్నను దానిని మాంసమునకు కప్పుగ గాక సహచరముగ ఎన్నుకొనువారికే దోల్మా పూర్ణముగ రుచించును.