వారానికో సీసా

జాడీకి చోటు లేదని, ఎండకు డాబా లేదని ఊరగాయ మానేసిన ఇళ్ల కోసం... ఫ్రిజ్‌లో ఊరే పచ్చళ్ల కథ

మా నాన్నకు బీపీ ఉందని తేలిన రోజున ఇంట్లో మొదట మూతపడింది ఆవకాయ జాడీ. డాక్టరుగారు "ఊరగాయలు తగ్గించండి" అన్నారు. అమ్మకు అది "మానేయండి" అని వినిపించింది. ఆ మధ్యాహ్నం నాన్న ముద్దపప్పు కలుపుకుని, నెయ్యి వేసుకుని, కంచం అంచున ఎప్పుడూ ఉండే ఎర్రటి ముక్క కోసం ఒకసారి చూశారు. ఏమీ అనలేదు. రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నారు. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి అన్నం దగ్గర నుంచి అలా లేవడం చూడలేకపోయాను. ఆ వారమే కాగితం, కలం, వంటింటి త్రాసు ముందేసుకుని దోసావకాయకు కూర్చున్నాను. చేతికొలతలు కావు, గ్రాములు.

ఏడాది నిలవుండాల్సిన ఆవకాయలో ఉప్పు కేవలం రుచి కోసం వెయ్యరు. ముక్కలోని నీటిని అది బయటికి లాగుతుంది. సూక్ష్మజీవులు బతకడానికి కావలసిన తేమ వాటికి అందకుండా చేస్తుంది. మామిడి పులుపు, పైన తేలే నూనె దానికి తోడు. మండు వేసవిలో కూడా జాడీ చెడకుండా నిలబడాలంటే అంత ఉప్పు పడాల్సిందే. పది రోజుల్లో అయిపోయే పచ్చడికి, అదీ చల్లటి చోట ఉండేదానికి, అంత అక్కర్లేదు. నాలుగు డిగ్రీల చలిలో బూజూ బాక్టీరియా చావవు గానీ వాటి పెరుగుదల బాగా నెమ్మదిస్తుంది. ఉప్పు చేసే కాపలాలో కొంత చలి చేస్తుంది, మిగతాది నిమ్మపులుపు చేస్తుంది.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. ఊరిన కాయ ఊరగాయ. ఆ పేరులో ఏడాది అన్న మాట ఎక్కడా లేదు. మన పెళ్లి విందుల్లో వడ్డించే మామిడికాయ ముక్కల పచ్చడిని గుర్తు తెచ్చుకోండి. సన్నగా తరిగిన ముక్కలకు ఆవపిండి, కారం, ఉప్పు, నూనె పొద్దున పట్టిస్తే మధ్యాహ్నం పంక్తిలోకి వచ్చేస్తుంది. ముక్క కరకరమంటుంది, ఆవఘాటు ముక్కుకెక్కుతుంది. దోసావకాయా అంతే, ఎప్పుడూ నాలుగు రోజుల పచ్చడే. అందుకే ఫ్రిజ్ పచ్చడిని అసలు ఊరగాయ పెట్టలేనివాళ్లు చేసుకునే నకలు అంటే ఒప్పుకోను. జాడీ ఊరగాయ ఎంత పాతదో, పూటకు పెట్టుకునే పచ్చడీ మన ఇళ్లలో అంత పాతదే. ఫ్రిజ్ దాని ఆయుష్షు మరో వారం పెంచింది.

దోసావకాయ, గ్రాముల్లో

కాయ గట్టిగా, పసుపుపచ్చగా ఉండాలి. కోయగానే ఒక ముక్క, రెండు గింజలు నోట్లో వేసుకోవాలి. దోసకాయ చేదును ఏ మసాలా దాచలేదు. గింజలు తీసేసి, తొక్క ఉంచేసి, చిన్న ముక్కలు కోసి, పొడిబట్ట మీద ఫ్యాను కింద ఒక గంట ఆరబెట్టాలి. అరకిలో ముక్కలకు 60 గ్రాముల ఆవపిండి, 60 గ్రాముల కారం, 50 గ్రాముల ఉప్పు, 150 గ్రాముల నువ్వుల నూనె, చిటికెడు పసుపు, రెండు పెద్ద నిమ్మకాయల రసం. ఈ లెక్కన పెద్ద చెంచాడు పచ్చడిలో, అంటే దాదాపు 15 గ్రాముల్లో, ఉప్పు ఒక గ్రాముకు కాస్త తక్కువ. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది కాబట్టి, ఆ రోజు పులుసులో, కూరలో ఆ మేరకు తగ్గించుకోవాలి. బీపీ ఉన్నవాళ్లు ఈ లెక్కను డాక్టరు ముందు పెట్టి అడగాలి. మేమూ అడిగాకే నాన్న కంచంలో వేశాం.

ఆవాలు వేయించకూడదు. ఆవగింజలో ఘాటు పుట్టించే ఎంజైము వేడికి చచ్చిపోతుంది. మిక్సీలో కూడా ఒక్కసారిగా తిప్పకుండా ఆపి ఆపి పట్టాలి. పొడి ఆవపిండికి పెద్దగా ఘాటుండదు. తడి తగిలాకే ఆ ఎంజైము పని మొదలుపెడుతుంది. దోసముక్కల్లో ఊరే నీళ్లే దానికి చాలు. పులుపు ముందే పడితే ఆ పని మందగిస్తుంది. అందుకని ముక్కలు, పొడులు, నూనె కలిపి రెండు గంటలు బయటే ఉంచుతాను, తర్వాతే నిమ్మరసం పిండి ఫ్రిజ్‌లో పెడతాను. ఈ ఒక్క మార్పుతో నా పచ్చడి ఘాటు పూర్తిగా మారిపోయింది.

నూనె సంగతి కూడా అనుభవం మీదే తెలిసింది. వేరుశనగ నూనె ఫ్రిజ్‌లో మడ్డిగా చిక్కబడుతుంది, ముక్కను వదలదు. నువ్వుల నూనె, గోదావరి వైపు పప్పునూనె అంటారే, అది చలికి కూడా జారుడుగానే ఉంటుంది.

మర్నాడు మధ్యాహ్నం ఒక ముక్క నాన్న కంచంలో వేశాను. కొరికారు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఆవఘాటుకే. "అమ్మాయ్, ఇందులో ప్రాణం ఉందే!" అన్నారు.

తడి

నా చిన్నప్పుడు అమ్మ జాడీ దగ్గరికి తడిచేత్తో రానిచ్చేది కాదు. అది ఆచారమని అనుకున్నాను. కాలీఫ్లవర్ నాకు అసలు సంగతి నేర్పింది. పువ్వు విడదీసి, పురుగులు పోవడానికి పసుపు, ఉప్పు వేసిన వేడినీళ్లలో ముంచి తీశాను. ఆరీ ఆరకుండానే పచ్చడి కలిపేశాను. ఎనిమిదో రోజున మూత తీస్తే పైన తెల్లటి నూగు. పైపైన తీసేసి తిందామా అని ఒక క్షణం చెయ్యి వెనకాడింది. తినకూడదు. బూజు వేళ్లు కంటికి కనిపించే మేర కంటే లోతుకు పోతాయి. సీసా మొత్తం పారబోశాను. ఇప్పుడు కాలీఫ్లవరైనా, క్యారెట్టైనా మూడు నాలుగు గంటలు ఆరాకే కలుపుతాను. సీసాలో తడి చెంచా పెట్టం. సీసాను ఫ్రిజ్ తలుపులో పెట్టం, తెరిచి మూసినప్పుడల్లా వేడిగాలి తగిలేది అక్కడే. కావలసినంత చిన్న గిన్నెలోకి తీసుకుని సీసా వెంటనే లోపల పెట్టేస్తాం.

వెల్లుల్లి వేసేవాళ్లు ఈ ఒక్కటీ తేలిగ్గా తీసుకోవద్దు. పులుపు లేకుండా, గాలి తగలని నూనెలో, గది వేడిలో వెల్లుల్లి రోజుల తరబడి ఉంటే బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే విషం అందులో పుట్టొచ్చు. వాసనతో, రుచితో దాన్ని పసిగట్టలేం. వెల్లుల్లి పడితే నిమ్మరసం పడాలి, సీసా ఫ్రిజ్‌లోనే ఉండాలి. ఆ పులుపుకు రెబ్బలు ఒక్కోసారి నీలంగా, పచ్చగా మారతాయి. అది చూసి కంగారు పడొద్దు, రంగు మారడమే, హాని లేదు.

నూనె అసలే వద్దనుకునేవాళ్లకు వెనిగర్ ఉల్లిపాయలున్నాయి. ఎర్ర ఉల్లిపాయ చక్రాల మీద సమంగా వెనిగర్, నీళ్లు, కాస్త ఉప్పు, చెంచాడు పంచదార మరిగించి పోస్తే చాలు. పులుపు తగలగానే ఉల్లి గులాబీ రంగుకు తిరుగుతుంది. చల్లారాక ఫ్రిజ్‌లో పెడితే సాయంత్రానికి సిద్ధం. పిల్లలు పెరుగన్నంలో నంజుకుంటారు.

అమెరికాలో ఉన్న మా చెల్లెలికి దోసకాయ అన్ని వేళలా దొరకదు. పుల్లటి పచ్చ ఆపిల్‌తో పెడుతుంది, చలికాలం ముందు క్రాన్‌బెర్రీలతో పెడుతుంది. అక్కడి తెలుగువాళ్ల ఇళ్లలో క్రాన్‌బెర్రీ పచ్చడి ఇప్పుడు మామూలైపోయింది. ఆ కాయ మన ఉసిరిలా నోరు లాగేసేంత పులుపు, దానికి నిమ్మరసం అవసరమే రాదు. మొన్న వీడియోలో తన సీసా చూపించింది. మూత మీద అంటించిన కాగితంపై పెట్టిన తేదీ, దాని కింద పది రోజుల తర్వాతి తేదీ. నేనూ లేచి ఒక కాగితం ముక్క చించి మా సీసాకు అంటించాను. నాన్న కళ్లజోడు పెట్టుకుని ఆ తేదీ చదివి, "అయితే శుక్రవారానికి అయిపోవాలన్నమాట. శనివారం ఏ కాయ?" అన్నారు.