మిద్దె తోటకు ఇంటి తొట్టి

హనుమంతుని కోవెలచే ప్రసిద్ధికెక్కిన కర్మన్‌ఘాట్‌లో నేడు పెరళ్ల కంటె మిద్దెలే ఎక్కువ. అచటి గృహిణికి తులసి పెంచవలెనన్నను, కరివేప పెంచవలెనన్నను తొట్టియే పెరడు. ఆ తొట్టిని స్వయముగా చేసికొనుట పదిమందికి నేర్పదలచినవారికి కొన్ని మాటలు మనవి చేయుచున్నాము.

కుమ్మరి చేసిన మట్టికుండీకి సాటి లేదు. దాని గోడలగుండ తేమ ఆవిరియై పోవుటచే వేళ్లు చల్లగా నుండును. కాని సారెయు ఆవమును ఒక పూట పాఠమునకు లొంగునవి కావు, సిమెంటు లొంగును. తోటపనితో దానికి పాత చుట్టరికమే కలదు. ఫ్రాన్సు దేశపు తోటమాలి జోసెఫ్ మోనియే ఇనుపతీగెల అల్లికపై సిమెంటు మెత్తి మొక్కల తొట్లు చేసి, 1867లో పేటెంటు పొందెను. నేటి మిద్దెలను నిలుపుచున్న ఇనుప కాంక్రీటునకు ఆ తొట్లు ఆదిరూపములలో నొకటి.

మిద్దెపై మొదటి చింత బరువు. 20 లీటర్ల తొట్టిలో తడిసిన తోటమట్టియే 30 కిలోలు దాటును. కావున తొట్టి తేలికగా నుండవలెను. ఒక పాలు సిమెంటు, ఒక పాలు ఇసుక, రెండు పాళ్లు కొబ్బరిపొట్టు కలిపి, కొద్దికొద్దిగా నీరు పోయవలెను. ఎంత నీరని అడుగువారికి అంకె చెప్పక, పిడికిట పట్టించి చూపుడు: ముద్ద నిలిచి, రెండు మూడు చుక్కలు మాత్రమే కారవలెను. తడి సిమెంటు చర్మమును కాల్చును. రబ్బరు తొడుగులును, పొడి కలుపునపుడు ముక్కునకు గుడ్డయు లేనిదే ఎవ్వరిని పనికి దింపరాదు.

పెద్ద బకెట్టు లోపలను, చిన్న బకెట్టు వెలుపలను నూనె రాచి, అడుగున వెదురుముక్క నిలిపి, రెంటి నడుమ రెండంగుళముల మందమున ముద్దను కూరవలెను. వెదురు తీసిన చోటు నీరు పోవు రంధ్రమగును. అది లేని తొట్టిలో వేళ్లు కుళ్లును.

ఇచటనే పెక్కు తరగతులు పొరబడును. సిమెంటు ఎండుటచే గాక, నీటితో సంయోగము చెందుటచే గట్టిపడును. మన వేసవి ఎండలో ఆరబెట్టిన తొట్టి పొడిపొడిగా రాలును. దానిని నీడను, తడిగోనె కప్పి, 28 దినములు కాపాడవలెను. పిమ్మట సున్నపు క్షారము పోవునట్లు పలుమారులు నీట నానబెట్టి, నీరు మార్చవలెను. లేనిచో లేతవేళ్లు దెబ్బతినును.

కాబట్టి ఈ పాఠము ఒక్కనాటితో ముగియరాదు. మొదటినాడు పోత, రెండు దినముల పిమ్మట అచ్చు విప్పుట, నెల గడచిన వెనుక నాటుట. మొదటినాడే తొట్టిని చంకనిడుకొని పోవుటకు అందరును తొందరపడుదురు. ఓపికతో మూడవనాటికి రప్పించిన గురువే పని పూర్తిగా నేర్పినవాడు. తొట్టి అందముగా నుండుట సంతోషమే గాని, అందులో నాటిన మొక్క చిగిర్చుటయే ఆ తరగతికి అసలైన పరీక్ష.